బురద వయసు పది రోజులు

లీటరు పట్టే కొలజాడీ. పొడవుగా, సన్నగా, పక్కన మిల్లీలీటర్ల గీతలతో ఉంది. మా అపార్ట్‌మెంటు సెల్లారులో బ్లోయర్ల రొద మధ్య, మురుగుశుద్ధి ప్లాంటు చూసుకునే కుర్రాడు ఎయిరేషన్ ట్యాంకులోంచి ముంచి తెచ్చిన నీళ్లు దాని నిండా పోసి గట్టు మీద పెట్టాడు. చిక్కటి డికాక్షన్‌లో నాలుగు చుక్కలు పాలు పడ్డ రంగు. రెండు నిమిషాలకు నీళ్లలో రవ్వలు కట్టాయి. అయిదు నిమిషాలకు పైన ఒక వేలు మందాన తేట కనిపించింది. ఆ తర్వాత బురద ఒక దుప్పటిలా, అంచు చెదరకుండా, మెల్లగా కిందికి దిగుతూ వచ్చింది. సరిగ్గా 30 నిమిషాలకు దుప్పటి అంచు 650 గీత దగ్గర ఉంది.

“ఆరొందల యాభై సార్. ఎక్కువే. గాలి పెంచమంటారా?” అన్నాడు.

దేశంలో ఎన్నో మురుగుశుద్ధి కేంద్రాల్లో రోజూ వినిపించే ప్రశ్న ఇది. దీనికి జవాబు తెలియాలంటే ఒక్క అంకె చాలదు. 650 పక్కన రెండో అంకె ఒకటి కావాలి. లీటరు నీళ్లలో ఎన్ని గ్రాముల బురద తేలుతోందన్నదే ఆ అంకె. ప్లాంట్లలో దాన్ని ఎంఎల్‌ఎస్‌ఎస్ అంటారు. 650ని ఆ గ్రాములతో భాగిస్తే, ఒక గ్రాము బురద అరగంట తర్వాత ఎంత చోటు ఆక్రమిస్తుందో తెలుస్తుంది. దాని పేరు ఎస్వీఐ. లీటరుకు 3 గ్రాములే ఉంటే 650ని 3తో భాగించాలి, దాదాపు 217 వస్తుంది. 150 దాటితే బురద పొంగుతోందని అర్థం. దారాల్లాంటి బాక్టీరియా ఎక్కువై, బురద దూదిలా ఉబ్బి కిందికి దిగనంటోందన్నమాట. అదే లీటరుకు 6.5 గ్రాములు ఉంటే ఎస్వీఐ సరిగ్గా 100. బురద గుణానికి వంక పెట్టడానికి లేదు, మరీ ఎక్కువగా పేరుకుపోయింది, అంతే. జాడీలో గీత ఒకటే, జబ్బులు రెండు. మొదటి జబ్బుకు ఒక్కోసారి గాలి పెంచడం మందు అవుతుంది. రెండోదానికి గాలి పెంచితే కరెంటు ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు.

మా ట్యాంకులో 6.5 గ్రాములు ఉన్నాయి.

మురుగులోకి గాలి ఊది శుద్ధి చేసే ఈ పద్ధతి మొదలైందే బురదను దాచుకోవడంతో. 1914 ఏప్రిల్ 3న ఎడ్వర్డ్ ఆర్డెన్, విలియం లాకెట్ మాంచెస్టర్‌లో ఒక పరిశోధన పత్రం చదివారు. ఆ ఊరి డేవీహ్యూమ్ మురుగుశుద్ధి కేంద్రంలో వాళ్లు మురుగు నింపిన సీసాల్లోకి గాలి ఊదుతూ పోయారు. అందులోని అమ్మోనియా అంతా నైట్రేటుగా మారడానికి 5 వారాలు పట్టింది. అంతకు ముందు ఇలాంటి ప్రయోగాలు చేసినవాళ్లు అడుగున మిగిలిన బురదను పారబోసేవారు. వీళ్లు పైన తేటను వంపేసి, బురదను సీసాలోనే ఉంచి, దాని మీద కొత్త మురుగు పోశారు. మళ్లీ గాలి ఊదారు, మళ్లీ తేట వంపారు. అలా చేస్తూ పోతే 5 వారాల పని చివరికి 24 గంటల్లో అయిపోయింది. పాలు వాటంతటవి పులియాలంటే ఎప్పటికో. నిన్నటి పెరుగు చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి గడ్డ పెరుగు. ఆ తోడుకు వాళ్లు పెట్టిన పేరే యాక్టివేటెడ్ స్లడ్జ్, అంటే జీవం పుంజుకున్న బురద. వాళ్లకు ఈ దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ తర్వాత బెంగళూరుకు వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్యుడిగా పనిచేశాడు.

తోడు ఎంత ఉంచుకోవాలి, ఎంత తీసేయాలి? శుద్ధి కేంద్రాన్ని నడపడమంటే నూటికి తొంభై పాళ్లు ఈ లెక్కే అని నేను నమ్ముతాను. ఒక ఊరిని తీసుకుని చూద్దాం.

రోజుకు కోటి లీటర్ల మురుగు వచ్చే ఊరు. ఇంజనీర్ల భాషలో 10 ఎంఎల్‌డీ. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు సరఫరా చేస్తే అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు, మురుగుగా తిరిగొస్తుందని మన దేశంలో లెక్క వేస్తారు. ఆ లెక్కన ఇది దాదాపు 93 వేల మంది ఊరు. ఒక్కొక్కరి నుంచి రోజుకు 27 గ్రాముల బీఓడీ, అంటే బాక్టీరియా తినగలిగిన మాలిన్యం. ఊరంతా కలిపి 2,500 కిలోలు. లీటరులో చూస్తే 250 మిల్లీగ్రాములు. ఇదంతా బాక్టీరియాకు తిండి.

ఎయిరేషన్ ట్యాంకు 50 లక్షల లీటర్లది అనుకుందాం. మురుగు అందులో సగటున 12 గంటలు ఉంటుంది. లీటరుకు 3.5 గ్రాముల చొప్పున ట్యాంకులో 17,500 కిలోల బురద. 2,500 కిలోల తిండి తిని ఈ బురద రోజుకు సుమారు 1,750 కిలోలు పెరుగుతుంది. పెరిగినంత తీసేస్తేనే ట్యాంకులో బురద నిలకడగా ఉంటుంది. 17,500ని 1,750తో భాగిస్తే 10. ఒక బురద రవ్వ పుట్టినప్పటి నుంచి బయటికి పోయేదాకా ట్యాంకులో సగటున పది రోజులు ఉంటుందన్నమాట. ఇదే బురద వయసు. నీళ్లేమో పన్నెండు గంటల్లో వెళ్లిపోతాయి, బురద మాత్రం పది రోజులు ఉండిపోతుంది. సెటిలింగ్ ట్యాంకులో అడుక్కి దిగిన బురదను మళ్లీ మొదటికి పంపడం వల్లే ఈ రెండు గడియారాలూ వేరయ్యాయి. మాంచెస్టర్ సీసాల్లో జరిగిందీ అదే.

బురద వయసుకు ఇంత విలువ ఎందుకో తెలియాలంటే బాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతాయో చూడాలి. 1940లలో ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ మోనో చెప్పిన సూత్రం చాలా సులువైనది. తిండి తక్కువగా ఉన్నప్పుడు, ఎంత తిండి ఉంటే అంత వేగం. తిండి ఎక్కువయ్యేకొద్దీ వేగం ఒక గరిష్ఠానికి చేరి అక్కడ ఆగుతుంది. గరిష్ఠ వేగంలో సగం రావడానికి ఎంత తిండి కావాలో అది ఆ బాక్టీరియా ఆకలికి గుర్తు. 20 డిగ్రీల దగ్గర, మామూలు మాలిన్యం తినే బాక్టీరియా గరిష్ఠ వేగం రోజుకు 6. అంటే 2 గంటల 45 నిమిషాల్లో రెట్టింపు అవుతాయి. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా వేగం రోజుకు 0.8 మాత్రమే. రెట్టింపు కావడానికి 21 గంటలు పడుతుంది.

ఈ రెండో రకమే నెమ్మదిగా పెరిగేవి, సుకుమారమైనవి. చేపలను చంపే అమ్మోనియాను తీసేది ఇవే. వీటిలో రోజుకు పదో వంతు చచ్చిపోతాయని, ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉందని అనుకుని మోనో సూత్రంలో పెడితే వచ్చే అంకెలు కళ్లు తెరిపిస్తాయి. బురద వయసు 2 రోజులైతే బయటికి పోయే నీళ్లలో అమ్మోనియా నత్రజని లీటరుకు 9 మిల్లీగ్రాములు. 3 రోజులైతే 1.9. 5 రోజులైతే 0.8. 10 రోజులైతే 0.43. 20 రోజులైతే 0.29. వయసు 2 నుంచి 3కు మారితే 7 మిల్లీగ్రాములు తగ్గాయి. 10 నుంచి 20కి మారితే 0.14 మాత్రమే తగ్గింది. 1.8 రోజుల కంటే తగ్గితే బాక్టీరియా పుట్టేదానికంటే వేగంగా బయటికి కొట్టుకుపోతాయి, అమ్మోనియా వచ్చింది వచ్చినట్టే వెళ్లిపోతుంది.

ఈ లెక్కలో ఇంకొక విశేషం ఉంది. మొదటిసారి చేసినప్పుడు నేను రెండుసార్లు సరిచూసుకున్నాను. లోపలికి ఎంత అమ్మోనియా వస్తోందన్న అంకె ఎక్కడా లేదు! లీటరుకు 25 మిల్లీగ్రాములు వచ్చినా 50 వచ్చినా, నిలకడగా నడిచే ట్యాంకులో బయటికి పోయేది బురద వయసును బట్టే ఉంటుంది. తిండి రెట్టింపైతే తినేవాళ్లూ రెట్టింపవుతారు, విస్తరిలో మిగిలేది మాత్రం అంతే. అయితే ఆ రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. ఉదయం ఊరంతా ఒకేసారి స్నానాలు, వంటలు చేసి పంపే రెండు మూడు గంటల వరదను అందుకోవడానికి ఆ వ్యవధి ఉండదు. అందుకే లెక్క చెప్పినదానికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ వయసు పెట్టుకుంటారు. మన ఊరి పది రోజులు అలా వచ్చినవే.

ఇక గాలి. మురుగుశుద్ధి కేంద్రం కరెంటు బిల్లులో సగం, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ, బ్లోయర్లదే. మన ఊరి 2,500 కిలోల బీఓడీని తినడానికి కిలోకు 1.1 కిలోల చొప్పున 2,750 కిలోల ఆక్సిజన్ కావాలి. అమ్మోనియా ఖర్చు ఇంకా ఎక్కువ. ఒక కిలో అమ్మోనియా నత్రజనికి 4.57 కిలోల ఆక్సిజన్. లీటరుకు 30 మిల్లీగ్రాములు మారాలంటే రోజుకు 300 కిలోలు, దానికి 1,371 కిలోల ఆక్సిజన్. అన్నీ కలిపి దాదాపు 4,100 కిలోలు. ఒక యూనిట్ కరెంటుకు 1.5 కిలోల ఆక్సిజన్ నీళ్లలో కరిగిందనుకుంటే రోజుకు 2,700 యూనిట్ల పైమాట. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 70 లక్షలు గాలికే.

ఆక్సిజన్ 2 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు అమ్మోనియా బాక్టీరియా తమ గరిష్ఠ వేగంలో 83 శాతంతో పనిచేస్తాయి. దాన్ని 4కు పెంచితే 91 శాతం. అంటే వేగంలో లాభం పదో వంతు కూడా లేదు. ఖర్చు చూడండి. 30 డిగ్రీల నీళ్లలో లీటరుకు 7.56 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ కరగదు. నీళ్లలో ఇప్పటికే ఉన్న ఆక్సిజన్‌కూ ఈ హద్దుకూ మధ్య ఎంత ఎడం ఉంటే కరగడం అంత సులువు. 2 దగ్గర ఎడం 5.56, 4 దగ్గర 3.56. అదే ఆక్సిజన్‌ను కరిగించడానికి 56 శాతం ఎక్కువ గాలి ఊదాలి. మన ఊరి లెక్కలో ఏడాదికి 39 లక్షలు. ఇంగ్లండులో చలికాలం 10 డిగ్రీల నీళ్లలో 11.3 మిల్లీగ్రాములు కరుగుతుంది, అక్కడ ఈ దెబ్బ ఇంతగా తగలదు. హైదరాబాదులో, విజయవాడలో మే నెలలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటరు 4 చూపిస్తూ ఉంటే, అది బడ్జెట్లోంచి డబ్బు బుడగలుగా పైకి పోవడమే. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను.

ఈ ఖర్చులో కొంత తిరిగి రాబట్టుకునే దారి ఉంది. అమ్మోనియా నైట్రేటుగా మారిన నీళ్లను గాలి లేని ట్యాంకులోకి తిప్పి, అక్కడికే కొత్త మురుగును పంపితే, బాక్టీరియా ఆక్సిజన్ దొరక్క నైట్రేటులోని ఆక్సిజన్‌తో ఊపిరి పీలుస్తాయి. కిలో నైట్రేటు నత్రజనికి 2.86 కిలోల ఆక్సిజన్ మిగులు. రోజుకు 200 కిలోలు అలా పంపగలిగితే 572 కిలోల ఆక్సిజన్, దగ్గర దగ్గర 380 యూనిట్ల కరెంటు ఆదా. పైగా అమ్మోనియాను మార్చేటప్పుడు కిలోకు 7.14 కిలోల చొప్పున ఖర్చయిన క్షారత్వంలో సగం వెనక్కి వస్తుంది. క్షారత్వం అయిపోయి పీహెచ్ పడిపోయిన ట్యాంకులో ఎంత గాలి ఊదినా అమ్మోనియా తగ్గదు. గాలి పెంచాలా అని అడిగే ముందు చూసుకోవాల్సిన అంకెల్లో ఇదీ ఒకటి.

ఇన్ని అంకెలు ఒకదాన్నొకటి లాగుతుంటే మనసులో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు. మోడల్ అవసరం అక్కడే వచ్చింది. డెన్మార్క్‌కు చెందిన మోగెన్స్ హెన్జె నాయకత్వంలో అంతర్జాతీయ బృందం ఒకటి 1983లో పని మొదలుపెట్టి, 1987లో ‘యాక్టివేటెడ్ స్లడ్జ్ మోడల్ 1’ను బయటపెట్టింది. ఏఎస్ఎం1 అని పిలుస్తారు. ట్యాంకులో ఉన్న సమస్తాన్నీ 13 పద్దులుగా విడదీసింది. వెంటనే తినగలిగే మాలిన్యం, నమిలి నమిలి తినాల్సింది, ఎప్పటికీ తినలేనిది, రెండు రకాల బాక్టీరియా, అవి చచ్చాక మిగిలే పొట్టు, ఆక్సిజన్, అమ్మోనియా, నైట్రేటు, క్షారత్వం, ఇలా. వాటి మధ్య 8 ప్రక్రియలు. మూడు పెరుగుదలలు, రెండు మరణాలు, మూడు రకాల విరుగుళ్లు. అంతే. బీఓడీ బదులు సీఓడీలో, అంటే మాలిన్యాన్ని పూర్తిగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్‌లో, లెక్క పెట్టడం ఈ మోడల్ చేసిన తెలివైన పని. సీఓడీ అటూ ఇటూ మారుతుంది తప్ప మాయం కాదు. బాక్టీరియా 100 గ్రాములు తింటే 67 గ్రాములు కొత్త బాక్టీరియా, 33 గ్రాములు ఆక్సిజన్‌తో కాలిపోయేది. ఇంటి పద్దు రాసుకున్నట్టు రెండు వైపులా కూడిక సరిపోవాలి. సరిపోలేదంటే లెక్క ఎక్కడో తప్పినట్టే. ప్లాంటు లాగ్‌బుక్‌లో దొంగ అంకెలను పట్టుకోవడానికి ఇంతకు మించిన సాధనం నాకు తెలియదు.

ఫాస్ఫరస్ ఇందులో లేదు. దాని కోసం 1995లో ఏఎస్ఎం2 వచ్చింది. బురద ఎప్పుడు పొంగుతుందో ఈ మోడళ్లు చెప్పలేవు. దానికి కొలజాడీయే గతి.

ఏఎస్ఎం1 మీద నిలబడ్డ ఒక ఊహా ప్లాంటు పరిశోధకులందరికీ ఉమ్మడి బరి. బీఎస్ఎం1 అంటారు. రోజుకు సగటున 18,446 ఘనమీటర్ల మురుగు, అయిదు ట్యాంకులు, వాటిలో మొదటి రెండు గాలి లేనివి, చివర 6,000 ఘనమీటర్ల సెటిలింగ్ ట్యాంకు. ఎండ రోజులకు, ముసురుకు, గాలివానకు వేరువేరుగా 14 రోజుల మురుగు వివరాలు పావుగంటకొకటి చొప్పున సిద్ధంగా ఉంటాయి. ఎవరు కొత్త నియంత్రణ పద్ధతి కనిపెట్టినా దీని మీద పరీక్షించాల్సిందే. మూల పద్ధతిలో అయిదో ట్యాంకు ఆక్సిజన్‌ను 2 మిల్లీగ్రాముల దగ్గర, రెండో ట్యాంకు నైట్రేటును 1 దగ్గర నిలబెట్టాలి. దానికి ఎదురుగా అమ్మోనియా 4 మిల్లీగ్రాములు, మొత్తం నత్రజని 18 దాటకూడదన్న హద్దులు. ఆ ఉదయపు వరద వచ్చినప్పుడు ఆక్సిజన్‌ను 2 దగ్గర ఎంత గట్టిగా పట్టుకున్నా అమ్మోనియా 4 గీత దాటి పైకి లేస్తుంది. గాలి సరిపోయింది, చేతులే సరిపోలేదు. ఆ గంటలో పనిచేసే బాక్టీరియా సంఖ్య పది రోజుల కిందటే నిర్ణయమైపోయింది.

అందుకే శుద్ధి కేంద్రంలో మూడు గడియారాలు ఉంటాయంటాను. బ్లోయరు వేగం మారిస్తే డీఓ నిమిషాల్లో మారుతుంది. అమ్మోనియా గంటల్లో మారుతుంది. అమ్మోనియా మీటరు చూసి డీఓ లక్ష్యాన్ని పెంచడం తగ్గించడం ఇప్పుడు బాగా పెరుగుతున్న పద్ధతి. రాత్రి రెండు గంటలకు ఊరు నిద్రపోతుంటే 2 మిల్లీగ్రాములు ఎందుకు, 1 చాలు. ఆ తేడాకే గాలి 15 శాతం తగ్గుతుంది. మూడో గడియారం బురదది. తీసే బురదను ఈరోజు మారిస్తే పది రోజుల వయసున్న ట్యాంకులో మార్పు 63 శాతం కనపడటానికి పది రోజులు, 86 శాతానికి ఇరవై, 95 శాతానికి నెల. మనిషి కంటికి ఆనని వేగం ఇది. ఈవేళ చేసిన తప్పు మూడు వారాల తర్వాత బయటపడుతుంది, అప్పటికి దాన్ని వానల మీదో వచ్చిన మురుగు మీదో తోసేస్తాం. మోడల్ చేసే పెద్ద మేలు ఆ మూడు వారాలను మూడు నిమిషాల్లో చూపించడం.

మన దేశపు పట్టణాల్లో 72,368 ఎంఎల్‌డీ మురుగు పుడుతోందని, 31,841 ఎంఎల్‌డీకి ప్లాంట్లున్నాయని, నిజంగా శుద్ధి అవుతున్నది 20,235 అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో లెక్క చెప్పింది. ఆ లెక్కన అప్పటికి కట్టిన సామర్థ్యంలోనే మూడో వంతు పైగా పనిలో లేదు. హైదరాబాదులో 3,866 కోట్లతో 1,259.5 ఎంఎల్‌డీకి 31 కొత్త కేంద్రాలు చేపట్టారు. వాటిది ఎస్బీఆర్ పద్ధతి. నింపడం, గాలి ఊదడం, తేర్చడం, తేట వంపడం అన్నీ ఒకే ట్యాంకులో వంతులవారీగా జరుగుతాయి. నిజానికి అది ఆర్డెన్, లాకెట్ సీసాయే, పెద్దదైంది. అక్కడా బురద వయసు బురద వయసే. బీఓడీ మహానగరాల్లో 20, మిగతా చాలాచోట్ల 30 మిల్లీగ్రాములు ఉండవచ్చన్న 2017 నాటి నిబంధనకూ, 10కి దించాలన్న 2019 జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశానికీ మధ్య ఉన్న దూరాన్ని కాంక్రీటు ఒక్కటే దాటించలేదు. రోజూ ఎన్ని లీటర్ల బురద తీస్తున్నారన్న లెక్కే దాటించాలి.

ఆ లెక్కకు మీటర్లు కూడా అక్కర్లేదు. 1958లో అమెరికాలో గారెట్ అనే ఇంజనీరు చెప్పిన కిటుకు ఉంది. బురదను సెటిలింగ్ ట్యాంకు అడుగు నుంచి కాక, నేరుగా ఎయిరేషన్ ట్యాంకు నుంచి తీయండి. వయసు పది రోజులు కావాలంటే రోజూ ట్యాంకులో పదో వంతు తీయండి. అందులో ఎంత బురద ఉందో కొలవాల్సిన పని లేదు. పలచగా ఉంటే తక్కువ పోతుంది, చిక్కగా ఉంటే ఎక్కువ పోతుంది, తూకం దానంతటదే కుదురుతుంది.

మా సెల్లారుకు వస్తాను. ట్యాంకు లక్షా ఇరవై వేల లీటర్లు. రోజుకు లక్ష లీటర్ల మురుగు, అందులో 25 కిలోల బీఓడీ, దాని నుంచి సుమారు 16 కిలోల కొత్త బురద. లీటరుకు 6.5 గ్రాముల చొప్పున ట్యాంకులో ఉన్నది 780 కిలోలు. దాదాపు 50 రోజుల సరుకు. “బురద ఎప్పుడు తీస్తావు తమ్ముడూ?” అని అడిగితే, “నెలకోసారి ట్యాంకరొస్తది సార్, పదివేల లీటర్లు తీస్కపోతది” అన్నాడు. అంటే నెలకు ట్యాంకులో పన్నెండో వంతు. మిగతాది నీళ్లతో పాటు పైనుంచి పొర్లిపోయి కాలువలో కలుస్తోందని వేరే చెప్పక్కర్లేదు. మూలన ఉన్న, బురదను పిండే ఫిల్టర్ ప్రెస్ మీద ఎవరో పాత చీపుర్లు పెట్టారు.

చిన్న వ్యవస్థ కాబట్టి 20 రోజుల వయసు పెట్టుకున్నాం. లక్షా ఇరవై వేలను 20తో భాగిస్తే రోజుకు 6,000 లీటర్లు. ఫిల్టర్ ప్రెస్ గుడ్డలు కడిగి బిగించాడు. పంపు గంటకు 4,000 లీటర్లు లాగుతుంది కనుక పొద్దున్నే గంటన్నర. గోడ మీద సుద్దతో తేదీ, జాడీ గీత, పంపు నడిచిన నిమిషాలు రాయడం మొదలుపెట్టాడు. మొదటి వారం 650, 610, 580. రెండో వారం చివర ఒకరోజు పంపు నడపడం మరిచిపోయాడట, ఆ తేదీ దగ్గర సున్నా రాసి పెట్టాడు.

నలభయ్యో రోజు నన్ను ఫోన్ చేసి పిలిచాడు. అదే జాడీ, అదే గట్టు. అరగంటయ్యాక గోడ మీద 320 అని రాసి, బ్లోయరు రెగ్యులేటరు కాస్త తగ్గించి, డీఓ మీటరు నీళ్లలో ముంచి నా వైపు తిప్పాడు. 1.8.